రెక్కపిల్ల అనే మాట

ముందుగా నన్ను మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటినాక. ఒక అక్షరం కింద ఉండాల్సిన ఒత్తు పక్క అక్షరం కింద పడి ఉంటుంది. ఒక పేజీ రాసేసరికి పొద్దు వాలిపోతుంది. తప్పులు దిద్దిస్తానని మా కోడలు మోహన అంది. నేనే వద్దన్నాను. ఇందులో ఆమె గురించి కూడా రాశాను. ఒత్తులు దిద్దే వంకతో ఆ మాటలు కూడా దిద్దేస్తుందేమోనని నాకు అనుమానం. నా గుణం అట్లాంటిది. చదివితే మీకే తెలుస్తుంది.

మాది పాకాల. నా భర్త మునిరామయ్య పోయినాక నేను నాటుకోళ్ళు పెంచి, పిల్లల్ని సంతలో అమ్ముకుంటున్నాను. నేను అమ్మేవాటిని రెక్కపిల్లలు అంటాను. ఈ మాట మా అత్త నోట విన్నది. వేరే ఊళ్ళలో ఏమంటారో నాకు తెలియదు. కోడి పొదిగితే పుట్టి, ఆ కోడి రెక్క కింద పడుకుని, దాని వెనకాలే తిరిగి మేత నేర్చుకున్నది రెక్కపిల్ల. మిషన్లో పుట్టి, అట్టపెట్టెలో బల్బు వేడికి పెరిగింది పెట్టెపిల్ల. చేతిలో పెట్టుకుని చూస్తే రెండూ ఒకటే. అదే ముక్కు, అదే నూగు, అదే కీచుమనే గొంతు. తేడా గెద్ద వచ్చినప్పుడు తెలుస్తుంది. ఆకాశంలో నీడ కదిలితే రెక్కపిల్ల ఉన్నచోట ఉండదు. పెట్టెపిల్ల తలెత్తి చూస్తుంది. అంతలో పని అయిపోతుంది.

అందుకే మామిడితోటల వాళ్ళు నా దగ్గరికి వస్తారు. తోటలో వదిలితే చెట్ల కింద పురుగునూ చెదనూ ఏరుకుని తినాలి, పైనుంచి వచ్చేదానికి దొరక్కూడదు. వాళ్ళు అడిగేది ఒకటే మాట. "రెక్కపిల్లలేనా అక్కా?" నేను చెప్పేది ఒకటే మాట. "రెక్కపిల్లలే." దాని మీదే నా బతుకు. ఒట్టు పెట్టడం, తూకం వేయడం ఏమీ లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను పిల్లల్ని ఒంటరిగా పంపను. వాటితో తల్లికోడిని కూడా పంపుతాను. అది అమ్మకం కాదు, తోడు. మా అత్త కాలం నుంచీ అంతే. తోడుకోడి కాలికి నా పాత చీర పీలిక ఒకటి కడతాను, ఇది పాకాల నాగరత్నమ్మ కోడి అని గుర్తు. పిల్లలు పెద్దవై తల్లిని విడిచి తిరగడం మొదలుపెడితే, కొన్నవాళ్ళు ఆ కోడిని తెచ్చి మా ఇంట్లో వదిలిపోవాలి.

ఈ మాటను మనుషుల మీద కూడా వాడతారు. సంతలో నా పక్కన కూర్చుని గూడూరు నిమ్మకాయలు అమ్మే మునిలక్ష్మి మా అబ్బాయి సుకుమార్‌ను రెక్కపిల్ల అంటుంది. ముప్పై ఏళ్ళు వచ్చేదాకా నా కొంగు వదల్లేదని. ఇప్పుడు వాడు తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆదివారం ఆదివారం వస్తాడు. మా కోడల్ని మాత్రం పెట్టెపిల్ల అంటుంది. మోహనకు పసితనంలోనే తల్లి పోయింది. ఇనుప పెట్టె మోసుకుంటూ హాస్టళ్ళలో పెరిగింది. మునిలక్ష్మి ఆ మాట అన్నప్పుడల్లా నేను నవ్వి ఊరుకునేదాన్ని. మోహన నవ్వేది కాదు.

నాకు అక్షరాలు నేర్పింది ఆ మోహనే. మధ్యాహ్నం పూట, కోళ్ళు నీడకు చేరినాక, పలక పట్టుకుని కూర్చునేవాళ్ళం. అమ్మ, ఆవు అని ఆమె మొదలుపెడితే నాకు రెక్కపిల్ల అని రాయడం కావాలన్నాను. రెండు ఒత్తులున్నాయి అత్తా, కష్టం అంది. కష్టమైనా అదే కావాలన్నాను. చివరికి ఒక రేకు ముక్క మీద "ఇక్కడ రెక్కపిల్లలు దొరుకును" అని నా చేత్తో రాసి సంతలో నా గంప ముందర నిలబెట్టాను.

ఆ రేకు ముందరికే వచ్చాడు గంగాధరం, మామిడికాయలు ఉప్పులో ఊరేసుకునేంత సైజుకు వచ్చిన రోజుల్లో. ఆయనది దామలచెరువు దాటినాక ఒక పల్లె. చాలా ఏళ్ళుగా నా దగ్గరే కొంటున్నాడు. శివరాత్రి అయినాక ఒక పొదుగులో పుట్టిన ఈతపిల్లల్నీ, తోడుగా మా నల్లకోడినీ తీసుకుపోయాడు. ఆరోజు నేను కంటి చూపు కోసం తిరుపతి ఆసుపత్రికి పోయి ఉంటే మోహనే ఇచ్చి పంపింది.

"అక్కా, నువ్విచ్చినవి రెక్కపిల్లలు కాదు," అన్నాడు. రావడం రావడమే ఆ మాట.

నూకలు చల్లుతున్న నా చెయ్యి ఆగిపోయింది. "ఏమంటివప్పా?"

"ఉండేదే అంటా ఉండా. గెద్ద దిగితే ఒక్కటీ పరిగెత్తలా. లారీ పోతా ఉంటే సూసినట్ల నిలబడి సూసినాయి. ఒకటి పోయినాక ఇంకొకటి, అన్నీ ఎత్తకపోయింది. ఇప్పుడు తోటలో ఈక కూడా లేదు."

"నా పిల్లలా?"

"నీ పిల్లలే. పెట్టెపిల్లలు కావాలంటే నేను ఏబెల్ దగ్గరే కొనుక్కుందును కదక్కా. బండి మీద ఇంటి ముందరికే తెస్తాడు. నీ నోటిమాట నమ్మి ఇంతదూరం వస్తిని."

అక్కడ నా గంప చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. ఒకామె ఒక పిల్లను చేతిలో పెట్టుకుని బేరం చేస్తోంది. ఆమె ఆ పిల్లను మెల్లగా గంపలో దించి, చెయ్యి చీరకు తుడుచుకుని వెళ్ళిపోయింది. గంగాధరం అరిచిన దానికంటే అదే నన్ను ఎక్కువ కాల్చింది.

"నల్లకోడి యాడప్పా?" అన్నాను, ఏదో ఒకటి అడగాలి గనక.

"ఆడనే ఉండాది. వచ్చే సంతకు తెస్తాలే," అని తువ్వాలు దులుపుకుంటూ జనంలోకి నడిచాడు. ఆ జవాబు నా చెవికి సరిగా ఎక్కను కూడా లేదు.

మునిలక్ష్మి నిమ్మకాయల కుప్ప మీద నీళ్ళు చల్లుతూ నా వైపు తిరగకుండానే అడిగింది. "ఆ పిల్లల్ని పట్టిచ్చింది నువ్వా రత్నక్కా, మీ కోడలా?"

"కోడలే. నేను తిరుపతిలో ఉంటిని."

"అదీ సంగతి."

"ఏం సంగతి?"

"నేనేం అన్లేదమ్మా. ఏబెల్ బండి మీ వాకిట్లో నిలబడి ఉండగా సూసినాను, అంతే. పాపం నీళ్ళు తాగేదానికి వచ్చింటాడు. మా ఇంటికాడ నీళ్ళు లేవా అని నేనేమన్నా అడిగినానా?"

ఏబెల్ అంటే మోపెడ్ మీద అట్టపెట్టెలు కట్టుకుని వీధివీధీ తిరిగి పెట్టెపిల్లలు అమ్మేవాడు. పసిపిల్లలు ఏడ్చి కొనిపించుకోవాలని వాటికి రంగులు కూడా వేస్తారు. గులాబీ రంగు, ఆకుపచ్చ, ఊదా. మంచివాడే. కానీ ఆ మంచితనం మీద కూడా నాకు ఆ రోజు నుంచి అనుమానం పుట్టింది.

ఇంటికి వచ్చేసరికి మోహన సంగటి గెలుకుతోంది.

"ఏబెల్ వచ్చినాడా మే?" అన్నాను గంప దించుతూ.

"ఎప్పుడత్తా?"

"ఎప్పుడో ఒకప్పుడు."

"వీధిలో వస్తా పోతా ఉంటాడు కదా," అని ఆమె తెడ్డు తిప్పడం ఆపలేదు.

వచ్చాడని చెప్పలేదు. రాలేదనీ చెప్పలేదు. సంగటి గిన్నె దించి, మసిగుడ్డ వెతుక్కుంటూ అవతలికి వెళ్ళింది. నేను తిన్నాను కానీ రుచి తెలియలేదు.

మరునాటి నుంచి నేను చింతపండు ముందర వేసుకుని వాకిట్లో కూర్చున్నాను. చేతులు గింజలు తీస్తున్నాయి, కళ్ళు కోళ్ళ మీద. అప్పుడు మా ఎర్రకోడి కింద ఒక ఈతపిల్లలు ఉన్నాయి. ఆ గుడ్లు పొదగేసింది నేనే. ఉరుముకు గుడ్లు చెడతాయని గంపలో ఇనుపముక్కా బొగ్గూ పెట్టింది నేనే. అయినా ఇప్పుడు ఒక్కోదాన్ని చూస్తుంటే ఏది నాదో ఏది కాదో తెలియడం లేదు. ఒకటి కొంచెం లావుగా ఉందే అనిపిస్తుంది. ఒకటి మరీ తెల్లగా ఉందే అనిపిస్తుంది. మోహన నీళ్ళు పెట్టడానికి వస్తే ఆమె ఏ పిల్లను ముందు చూస్తుందా అని ఆమె కళ్ళను చూసేదాన్ని. ఆమె నన్ను చూసేది. ఇద్దరం చూపు తిప్పుకునేవాళ్ళం.

ఒకరోజు ఆమె పిండిమరకు పోయిన సమయం చూసి, ఒక్కోపిల్లనూ పట్టి తిరగేసి చూశాను. కాళ్ళు చూశాను. ముక్కు చూశాను. రెక్క ఎత్తి చూశాను. నాలుగోదో అయిదోదో, ఎడమ రెక్క కింద గులాబీ రంగు కనిపించింది. వేలి గోరంత. కుంకుమ అంటిందేమో అనుకున్నాను. ఉమ్మి తడి చేసి రుద్దాను. పోలేదు. పీచుమిఠాయి రంగు అది. కోడి ఇచ్చే రంగు కాదు.

ఆ పిల్లను వదిలి అరుగు మీద కూర్చున్నాను.

కూర్చున్నాక ఆలోచనలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. గంగాధరానికి ఇచ్చినవి కూడా ఇట్లాంటివే అయ్యుంటాయి. నా రెక్కపిల్లల్ని ఇంకెవరికో ఇచ్చి, ఏబెల్ పెట్టెలోవి కోడి కిందికి తోసి ఉంటుంది. అసలు నాకు అక్షరాలు ఎందుకు నేర్పినట్టు? ముసలిదాని చేత రేకు రాయించి, ఆ రేకు చాటున పెట్టెపిల్లలు అమ్మడానికి కాదా? రెండు ఒత్తులు కష్టం అత్తా అని ఆమె నా చెయ్యి పట్టి దిద్దించింది కూడా గుర్తుకు వచ్చింది. అదీ నటనే అనిపించింది. ఒకసారి అనుమానం పట్టుకుంటే మనిషి చేసిన మంచి ముందుగా చెడిపోతుంది.

సుకుమార్‌కు ఫోన్ చేశాను.

"నీ పెండ్లాం నా పేరు సంతలో అమ్మేస్తా ఉండాదిరా."

"ఏమ్మా, ఏమైంది?"

"పెట్టెపిల్లల్ని కోడి కింద పెట్టింది."

వెనక మిషన్ల మోత. "కోడిపిల్లల పంచాయితీకి డ్యూటీలో ఫోన్ చేస్తావామ్మా? ఆమెనే అడుగు," అని పెట్టేశాడు. వాణ్ణి కూడా తనవైపు తిప్పుకుందనుకున్నాను.

మోహన పిండి సంచి దించుతుంటే ఆ పిల్లను పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. రెక్క ఎత్తి చూపించాను. "ఇది ఏ కోడి పెట్టిన గుడ్డులోంచి వచ్చింది మే?"

ఆమె ముఖం ఎర్రబడింది. అబద్ధం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

"ఏబెలన్న పెట్టెలో మిగిలినవి అత్తా. మూడు. రంగెయ్యనివే, పక్కదాని రంగు దీనికి అంటింది. ఎండకు సోలిపోయి మెడలు వేలాడేసి ఉన్నాయి. ఎవరూ కొనరు, సాయంత్రానికి పారెయ్యాలన్నాడు. ఎర్రకోడి కింద గుడ్లు పగులుతా ఉండిన రోజు అది. మాపటేళ కోడి కళ్ళు మూసుకున్నాక కిందికి జరిపినా."

"ఎవరినడిగి?"

"మిమ్మల్నడిగితే వద్దంటారు."

"అంటాను. అననా? సంతలో నేను ఏ మాట చెప్పి అమ్ముతానో నీకు తెలీదా? గంగాధరానికి ఎన్ని కలిపి ఇస్తివి?"

"ఒక్కటీ ఇవ్వలా. ఈ మూడూ ఆ తర్వాత వచ్చినవి."

"నమ్మాల్నా?"

"మీ ఇష్టం. నేను పెట్టినానే గానీ, నేను కప్పుకోలేదు. కోడే రెక్క ఎత్తి కప్పుకునింది. పొడిసి తరుముతాదేమోనని తెల్లారేదాకా నాకు నిద్రలేదు. పొడవలా. తెల్లారి దిగి సూస్తే అన్నిట్లో కలిసి ఉండాయి. మీరు ఇన్నాళ్ళు మేపినారే, మీకైనా తెలిసిందా?"

ఆ మాట నాకు తగిలింది. తగిలినందుకు ఇంకా కోపం వచ్చింది. "మేపితే రెక్కపిల్ల అయిపోతుందా? గెద్ద వచ్చినప్పుడు తెలుస్తుంది," అని లోపలికి పోయి చేట తెచ్చాను.

చేట నెత్తిన ఎత్తిపట్టుకుని, ఎండలో దాని నీడ పిల్లల మీద పడేటట్టు వాకిట్లో ఈ కొసనుంచి ఆ కొసకు గబగబా నడిచాను. మోహన గడప దగ్గర నిలబడి చూస్తోంది. నీడ పడగానే ఎర్రకోడి మెడ సాగదీసి గర్రుమని ఒక అరుపు అరిచింది. అంతే, పిల్లలన్నీ ఉరికి వచ్చి దాని రెక్కల కింద దూరాయి. ఒక్కటి మాత్రం నిలబడిపోయింది. నేను చేట పారేసి దాన్ని పట్టుకున్నాను, దొరికింది దొంగ అని.

దాని నెత్తిన నల్లమచ్చ ఉంది. ఆ పిల్ల నా కళ్ళముందు గుడ్డు పెంకు పగలగొట్టుకుని వచ్చిన పిల్ల. వానపాము ముక్కున పెట్టుకుని మింగలేక నిలబడిపోయింది.

మోహన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఈలోపల ఎర్రకోడికి నా మీద కోపం వచ్చింది. ఎగిరి నా చెయ్యి పొడిచింది. మోహన దాన్ని చంకలో పెట్టుకుని లోపలికి తీసుకుపోయి తలుపు మూసింది. నాకు ఇంకా తృప్తి కాలేదు. ఇప్పుడు మళ్ళీ తిప్పితే ఆ మూడూ బయటపడతాయనుకుని, చేట ఎత్తుకుని మళ్ళీ నడిచాను.

ఒక్కటి కూడా పరిగెత్తలేదు. నాదీ లేదు, ఏబెల్‌దీ లేదు. అన్నీ తలలెత్తి చేటను చూశాయి. కొన్ని నా కాళ్ళ దగ్గరికి వచ్చాయి, నూకలు పడతాయని.

చేట అట్లాగే నెత్తిన పట్టుకుని నిలబడిపోయాను. గంగాధరం అన్న మాట అప్పుడు వినిపించింది. లారీ పోతా ఉంటే చూసినట్టు నిలబడి చూసినాయి. అట్లా ఎందుకు చూస్తాయి? గెద్ద దిగినప్పుడు అరిచే తల్లి ఉంటే కదా ఉరికేది? మా నల్లకోడి కాకి నీడకు కూడా అరిచే రకం. అది ఆ తోటలో ఉండి ఒక్క పిల్లనైనా పోనిస్తుందా?

"మోహనా," అన్నాను. "నల్లకోడిని పంపినావా లేదా ఆ రోజు?"

"పంపినా. మీ పచ్చచీర పీలిక కాలికి కట్టి, నేనే ఆయన చేతికిచ్చినా."

అప్పటికీ ఆమెను పూర్తిగా నమ్మలేదని ఒప్పుకోవాలి. అందుకే ఆమెను వెంటబెట్టుకునే గంగాధరం ఊరికి బస్సెక్కాను. నిజం అయితే ఆమె ముందర తేలాలి, అబద్ధం అయినా ఆమె ముందరే తేలాలి. బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుంది.

గంగాధరం తోటకు పోయి ఉన్నాడు. ఆయన భార్య నిర్మలమ్మ మమ్మల్ని చూడగానే చాప పరిచి, మజ్జిగ తెచ్చి, అడగని సంగతులన్నీ మాట్లాడింది. ఈ ఏడు కాయకు మచ్చ పడిందట. మోటారు కాలిపోయిందట. మా సుకుమార్ బాగున్నాడా అట.

"నల్లకోడిని తీసుకుపోదామని వచ్చినాం నిర్మలమ్మా," అన్నాను.

"కోడా? తోటలో మేస్తా ఉండాదక్కా. మాపటికి గానీ రాదు. మీకు బస్సు తప్పిపోతాది."

"పిలిస్తే వస్తుందిలే."

లేచి పెరట్లోకి పోయి నా పిలుపు పిలిచాను. "బ్బ బ్బ బ్బ బ్బ." వాళ్ళ కోళ్ళు రెండు వచ్చాయి. పక్కింటి కోడి గోడెక్కి చూసింది. నల్లకోడి రాలేదు. నా గొంతు వింటే అది ఎంత దూరాన ఉన్నా రెక్కలు విదిలించుకుంటూ వస్తుంది.

నిర్మలమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని నా వెనకే నిలబడింది. "ఎండకు యాడన్నా పడుకోనుంటాది," అంది.

మోహన పెరటి చివర దిబ్బ వైపు నడిచింది. వంగి ఏదో తీసింది. వచ్చి నా చేతిలో పెట్టింది. పచ్చపీలిక. ముడి విప్పకుండా కత్తితో కోసి ఉంది. దానికి అంటుకుని ఒక నల్లని ఈక.

నిర్మలమ్మ చెంబు కింద పెట్టి కూర్చుంది. "అల్లుడు దిగబడినాడక్కా, చెప్పాపెట్టకుండా. మటనుకు మనిషిని పంపిస్తే ఆ పొద్దు మేకను కొట్టలేదంట. ఇంటి కోళ్ళు రెండూ గుడ్లమీద ఉండె. మీ తమ్ముడే పట్టకొచ్చినాడు. అక్కకు ఇంకోటి కొనిద్దాంలే అన్నాడు."

"పిల్లలు ఎంతున్నాయి అప్పుడు?"

"ఇంతింత." ఆమె వేళ్ళు దగ్గరగా పెట్టి చూపించింది. "ఆ మరునాటి నుంచే గెద్ద మొదలుపెట్టింది."

గంగాధరం తోటనుంచి వచ్చి, నా చేతిలో పీలిక చూసి, వాకిట్లోనే నిలబడ్డాడు. "అక్కా, కోడికి బదులు కోడిస్తా. రెండిస్తా," అన్నాడు.

"నేను కోడి కోసం రాలా."

"మరి?"

"సంతలో ఏమంటివో, ఆడనే నిలబడి దానికి తిరుగుమాట చెప్పు. ఆ మాట విన్నోళ్ళు ఉండగానే."

"అల్లుడి సంగతి సంతలో చెప్పేదెట్లక్కా?"

"నా సంగతి చెప్పినావు కదప్పా."

తిరుగు బస్సులో మోహన పక్కన కూర్చుని, నీ మీద అనుమానపడ్డానే అని చెప్పాలనుకున్నాను. పీలికను మడిచి ఆమె ఒడిలో పెట్టాను. ఆమె కిటికీలోంచి చూస్తూనే దాన్ని వేలికి చుట్టుకుంది. పాకాల వచ్చేదాకా విప్పలేదు.

గంగాధరం వచ్చే సంతకు వచ్చాడు. రాడేమోనని ఆ రోజు పొద్దున్నుంచీ నాకు అనుమానమే. నా రేకు ముందర నిలబడి గొంతు సవరించుకుని, "అక్క ఇచ్చినవి రెక్కపిల్లలే. తోడుకోడిని మేమే కోసుకుంటిమి. తప్పు మాది," అని నేలకు చెప్పాడు.

"గట్టిగా చెప్పప్పా, వెనకున్నోళ్ళకు ఇనపళ్ళా," అంది మునిలక్ష్మి.

ఆయన మళ్ళీ చెప్పాడు. జనం నవ్వారు. ఎవరో అడిగారు, కూర ఎట్లుండె అని. పోయినసారి చేతిలో పిల్లను దించేసి వెళ్ళినామె కూడా నవ్వుతూ ముందుకు వచ్చింది. నాకు తల ఎత్తుకున్నట్టయింది. అక్కడితో ఊరుకోవచ్చు.

"అయితే ఈ గంపలోవి నాకియ్యి అక్కా," అన్నాడు గంగాధరం. "రెక్కపిల్లలే కదా?"

అలవాటుగా ఆ మాట నా నోటిదాకా వచ్చింది. రేకు మీద నేను రాసిన అక్షరాలు నా ఎదుటే ఉన్నాయి. మోహన వెనక గోడ నీడలో నిలబడి ఉంది, నేను ఏం చెబుతానా అని.

"ఇందులో మూడు ఏబెల్ పెట్టెలోంచి వచ్చినవి," అన్నాను. "మా కోడలు ఎర్రకోడి కింద పెట్టింది. కోడి వాటిని పొడవలేదు. అన్నిటితో పాటు కప్పుకుని పెంచింది. కోడి పిలిస్తే వస్తాయి, అరిస్తే దాక్కుంటాయి. మీరు వాటిని ఏమంటారో మీ ఇష్టం."

మునిలక్ష్మి నీళ్ళు చల్లడం ఆపేసింది. గంగాధరం గంప దగ్గర గొంతుకూర్చున్నాడు. "ఆ మూడు ఏరి పక్కన పెట్టు. మిగతావి తీసుకుంటా."

"నేను ఏరలేను. నువ్వే ఏరుకో."

ఆయన ఒక్కోదాన్నీ పట్టాడు. ముక్కు చూశాడు, కాళ్ళు చూశాడు, రెక్క ఎత్తి చూశాడు. నేను చూసినట్టే. అప్పటికి ఈకలు మారి గులాబీ రంగు ఎక్కడా లేదు. ఒకదాన్ని అనుమానంగా పక్కన పెట్టాడు, అది నెత్తిన మచ్చది. మళ్ళీ లోపల వేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా వంగి చూశారు. లావుగా ఉన్నది అని ఒకరు, పొట్టిగా ఉన్నది అని ఒకరు. చాలాసేపు చూసి ఆయన మోకాళ్ళ మీద చేతులు వేసి లేచాడు.

"అన్నీ ఇయ్యి అక్కా. రెక్కపిల్లలే."

"ఇప్పుడే ఇవ్వను. తోడుకోడిని మీ ఇంటికి ఇంక పంపేది లేదు. ఇవి తల్లిని విడిచినాక వచ్చి తీసుకుపో."

"సరే," అన్నాడు. అనక ఏం చేస్తాడు?

ఆయన వెళ్ళినాక మునిలక్ష్మి నా వైపు జరిగింది. "అయితే రత్నక్కా, కోడి కప్పుకుంటే పెట్టెపిల్ల కూడా రెక్కపిల్లేనా? మరి మీ కోడలో?"

"నువ్వు నిమ్మకాయలు అమ్ముకో," అన్నాను.

వెనక మోహన నవ్వింది. ఈమధ్య నేను ఆ నవ్వు వినలేదు.

నిర్మలమ్మ మా నల్లకోడికి బదులు ఒక గోధుమరంగు కోడిపెట్టను పంపింది. మేత బాగా తింటుంది కానీ ఇంతవరకూ గుడ్ల మీద కూర్చోలేదు. అది ఎక్కడ పుట్టిందో, ఎట్లా పెరిగిందో నాకు అనుమానంగానే ఉంది. మోహన మాత్రం అనుమానించకండి అత్తా, టైమివ్వండి అంటుంది. ఇది రాయడం అయిపోయింది గనక కాగితాలు ఆమె చేతికే ఇస్తున్నాను. ఒత్తులు దిద్దమన్నాను. మిగతావి ముట్టుకోవద్దన్నాను.

నాగరత్నమ్మ, అరవై ఆరేళ్ళు, రైలుగేటు అవతలి వీధి, పాకాల.